సిగ్నల్ జంప్ చలాన్ వచ్చిందా? నల్లగొండ, పాలమూరు బండ్లవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. ఆన్‌లైన్ ఫారాలు, జిరాక్సులు, కరెంటు బిల్లులు మా పని. వాటి మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొని వచ్చి “అన్నా, చలాన్ పడ్డదంట, ఒక్కసారి చూడరాదు” అంటారు. కొందరు భయంతో ఫొటో కూడా చూడకుండానే డబ్బు కట్టేయమంటారు. ఇంకొందరు చూసి, నవ్వి, జేబులో పెట్టుకొని పోతారు. రెండు రకాల వాళ్లూ తర్వాత ఇబ్బంది పడటం చూశాను కాబట్టి, వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. పాలమూరు వైపు నుంచి మా బంధువులు ఫోన్ చేసి అడిగినవీ ఇందులో ఉన్నాయి.

ఫోన్‌కు “మీ బండికి చలాన్ ఉంది” అని మెసేజ్ వచ్చింది. ముందు ఏం చేయాలి?

ఆ మెసేజ్‌లో ఉన్న లింక్ నొక్కకండి. అది నిజమైన మెసేజే కావచ్చు, అయినా నొక్కకండి. వాట్సాప్‌లో పోలీసు బొమ్మ పెట్టుకొని, “ఈ-చలాన్” పేరుతో ఒక ఫైల్ పంపే మోసం ఇప్పుడు బాగా నడుస్తోంది. ఆ ఫైల్ పేరు చివర “ఏపీకే” అని ఉంటుంది. అది నొక్కితే ఫోన్‌లో ఒక యాప్ దిగుతుంది. ఆ యాప్ మన మెసేజ్‌లు చదువుతుంది, ఓటీపీలు పట్టుకుంటుంది, బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తుంది. అసలు చలాన్ చూడటానికి ఏ యాప్ దించుకోవాల్సిన పని లేదు.

ఇప్పటికే నొక్కి ఉంటే వెంటనే ఫోన్‌లో నెట్ ఆపండి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతా పనిచేసే నంబర్ అది. డబ్బు పోయిన వెంటనే చేసిన ఫోన్‌కే ఫలితం ఎక్కువ. “రేపు పొద్దున చూద్దాం” అనుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

మరి చలాన్ నిజంగా ఉందో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్ మీరే తెరవండి. అడ్రస్ చివర “జీఓవీ డాట్ ఇన్” అని ఉందో లేదో చూసుకోండి. అడిగిన వివరాలు కొడితే మీ బండి మీద ఉన్న చలాన్లన్నీ వరుసగా వస్తాయి. చలాన్ నంబర్, తేదీ, టైమ్, ఏ పోలీస్ స్టేషన్ పరిధి, ఏ పాయింట్, ఏం ఉల్లంఘన, ఎంత జరిమానా, యూజర్ ఛార్జీ, చివర్లో ఫొటో. మీసేవలో అడిగినా చూసి చెబుతారు.

చిన్న విషయమే గానీ చాలామంది ఇక్కడే తడబడతారు. నంబర్ ఆర్సీలో ఎట్లా ఉంటే అట్లానే కొట్టాలి. 2024 మార్చి నుంచి కొత్త బండ్ల నంబర్ల మొదట్లో టీఎస్‌కు బదులు టీజీ వస్తోంది. పాత బండ్ల నంబర్లు మారలేదు. నల్లగొండ పాత బండి ఏపీ 24 అయితే ఏపీ 24 అనే కొట్టాలి, టీఎస్ 05 అయితే అదే. పాలమూరువాళ్లకు ఏపీ 22, టీఎస్ 06. ఒకాయన తన ఏపీ 22 బండి నంబర్‌ను టీజీ 06 అని మార్చి కొట్టి, “ఏ చలాన్లూ లేవు” అని సంతోషంగా పోయాడు. తర్వాత చూస్తే ఏడు ఉన్నాయి.

ఫొటో తెరిచాను. అందులో ఏం చూడాలి?

మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన పని ఇదే. డబ్బు కట్టాలా, అభ్యంతరం చెప్పాలా అన్నది ఫొటోయే చెబుతుంది. ఫోన్‌లో చిన్నగా చూసి వదిలేయకండి. సేవ్ చేసుకొని పెద్దది చేసి చూడండి.

మొదట నంబర్ ప్లేట్. ఒక్కొక్క అంకె విడివిడిగా చదవండి. 3, 8 కలిసిపోతాయి, 1, 7 కలిసిపోతాయి, 0 కి ‘డి’ అక్షరానికి తేడా తెలియదు. తర్వాత బండి. కంపెనీ, రంగు, మోడల్, మీ బండికి మాత్రమే ఉండే గుర్తులు. ఆ తర్వాత సిగ్నల్. ఎర్ర లైట్ ఫొటోలో కనిపిస్తోందా? అది మీరు వచ్చే వైపు లైటేనా, పక్క రోడ్డుదా? చివరగా తెల్ల గీత. ముందు చక్రం గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా?

కనగల్ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. హైదరాబాద్‌లో సిగ్నల్ దాటినట్టు చలాన్. “ఆ రోజు నేను మిర్యాలగూడల ధాన్యం ట్రాక్టర్‌తోటి మిల్లు ముందల లైన్ల ఉన్న సారూ, బండి ఇంటి కాడనే ఉన్నది” అన్నాడు. ఫొటో పెద్దది చేశాం. నల్ల బండే, అదే కంపెనీ. కానీ ఆయన రోజూ పాలు పోస్తాడు. ఆయన బండికి వెనక రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు ఉన్నాయి, అవి పెట్టి ఐదేళ్లయింది. ఫొటోలో బండికి కొక్కేలు లేవు. సీటుకు పసుపు రంగు కవర్ ఉంది. ప్లేట్ మీద బురద పడి చివరి అంకె పైభాగం సగం మూసుకుపోయింది, 3 ని 8 గా చదివారు. ఆయన జేబులో మిల్లు కాంటా చిట్టీ ఉంది, దాని మీద తేదీ, టైమ్ ఉన్నాయి. అది, బండిని నాలుగు వైపులా తీసిన ఫొటోలు, ఆర్సీ కాపీ పెట్టి రాశాం. చలాన్ తీసేశారు. ఆ కాంటా చిట్టీ పారేసి ఉంటే పని ఇంత సులువుగా అయ్యేది కాదు.

నా చలాన్ సంగతి కూడా చెబుతాను. అమ్మను కంటి పరీక్షకు హైదరాబాద్ తీసుకుపోయిన రోజు పడింది. నేను పసుపు లైట్‌లో దాటాననే అనుకున్నాను, ఇంట్లో అట్లానే వాదించాను. ఫొటోలు రెండు ఉన్నాయి. మొదటి దాంట్లో లైట్ ఎర్రగా ఉంది, నా ముందు చక్రం గీతకు ఇంకా ఇవతలే ఉంది. రెండో దాంట్లో నేను చౌరస్తా నడిమధ్యలో ఉన్నాను, వెనక సీటు మీద అమ్మ కొంగు గాలికి ఎగురుతోంది. ఎడమ నుంచి ఒక ఆటో సగం ముందుకు వచ్చి ఆగి ఉంది. ఆ ఆటో చూశాక నాకు వాదించాలనిపించలేదు. ఆ సాయంత్రమే కట్టేశాను.

కెమెరా ఎర్ర లైట్‌ను, బండిని కలిపి ఎట్లా పట్టుకుంటుంది?

కెమెరాకు సిగ్నల్ ఎప్పుడు ఎర్రగా మారిందో తెలుస్తుంది. సిగ్నల్ పెట్టె నుంచి వైరు ద్వారా గానీ, లైట్‌ను చూసే ఇంకో కెమెరా ద్వారా గానీ ఆ సమాచారం అందుతుంది. ఎర్రగా ఉన్నంతసేపు తెల్ల గీత దగ్గర ఏదైనా బండి ముందుకు కదిలితే ఫొటోలు తీస్తుంది. దూరం నుంచి తీసినదాంట్లో సిగ్నల్, రోడ్డు కనిపిస్తాయి. దగ్గర నుంచి తీసినదాంట్లో నంబర్ ప్లేట్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్ చదువుతుంది. బురద, వంగిన ప్లేట్, ఫ్యాన్సీ అక్షరాలు ఉన్నచోట అది తప్పు చదివే అవకాశం ఉంది. ప్లేట్ శుభ్రంగా ఉంచుకోవడం మనకే మంచిది. ఇంకొకరి తప్పు మన నెత్తిన పడకుండా ఉంటుంది.

మన దగ్గర వచ్చే ప్రతి చలాన్ ఇట్లాంటి కెమెరా నుంచి వచ్చింది కాదు. చౌరస్తాలో నిలబడ్డ పోలీసు చేతి కెమెరాతో తీసినవి ఉంటాయి, కంట్రోల్ రూమ్‌లో కూర్చొని సీసీ కెమెరాల్లో చూసి వేసినవి ఉంటాయి. జాబితాలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చేతి కెమెరా ఫొటోల్లో సిగ్నల్ లైట్ ఫ్రేమ్‌లో లేకపోతే, అభ్యంతరం చెప్పేటప్పుడు ఆ మాట తప్పకుండా రాయండి.

దీనికి చట్టంలో ఆధారం ఉందా, లేక పోలీసులు సొంతంగా చేస్తున్నారా?

ఉంది. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 136ఏ అనే సెక్షన్ చేర్చారు. ఎలక్ట్రానిక్ నిఘాతో రోడ్డు భద్రత చూడటం దాని ఉద్దేశం. దానికి తోడుగా 2021 ఆగస్టులో 167ఏ అనే కేంద్ర నియమం వచ్చింది. పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో, ఇంకా ఒక పట్టికలో ఇచ్చిన 132 పట్టణాల్లో, ముఖ్యమైన కూడళ్ల దగ్గర ఇట్లాంటి కెమెరాలు పెట్టించాలని ఆ నియమం రాష్ట్రాలకు చెబుతుంది. ఆ 132లో నల్లగొండ కూడా ఉంది. గాలి కాలుష్యం తగ్గించాల్సిన పట్టణాల జాబితానే అక్కడ వాడారు, మన ఊరు అందులో ఉండటం వల్ల ఇందులోకి వచ్చింది.

అదే నియమం మనకు కూడా కొన్ని రక్షణలు ఇచ్చింది. కెమెరాకు ఏటా ధ్రువీకరణ ఉండాలి. నిఘా ఉందని ముందే బోర్డు పెట్టాలి. చలాన్‌తో పాటు తప్పు, నంబర్ ప్లేట్ రెండూ తెలిసే ఫొటో, తేదీ, టైమ్, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో ఇవ్వాలి. ఆ ఎలక్ట్రానిక్ రికార్డు నిజమైనదే అని బాధ్యత ఉన్న వ్యక్తి సంతకంతో సర్టిఫికెట్ ఉండాలి. ఈ సర్టిఫికెట్ మొదట సాక్ష్య చట్టం 65బీ కింద ఉండేది. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది కాబట్టి అక్కడ 63వ సెక్షన్ చూడాలి. కోర్టు దాకా పోయేవాళ్లకు ఇది పనికొస్తుంది.

పసుపు లైట్ పడ్డప్పుడు గీత దాటాను. అది తప్పేనా?

పసుపు అంటే ఆగడానికి సిద్ధం కావడం. గీతకు ఇవతల ఆగగలిగితే ఆగాలి. మరీ దగ్గరికి వచ్చేసి, గట్టిగా బ్రేకు కొడితే ప్రమాదం అనిపిస్తే దాటిపోవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. లైట్ మారిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేసరికే ఒక సెకను అయిపోతుంది. అందుకే ఆ వెసులుబాటు ఇచ్చారు. పసుపులో గీత దాటి, చౌరస్తా మధ్యలో ఉండగా ఎరుపు పడితే అది సిగ్నల్ జంప్ కాదు. ఫొటోలో మీ బండి గీతకు ఇవతల ఉండగానే లైట్ ఎర్రగా ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు.

ఎడమకు తిరగడానికి కూడా ఆగాలా? ఫ్రీ లెఫ్ట్ కదా?

ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు ఉన్నచోట, లేదా ఎడమవైపు ఆకుపచ్చ బాణం వెలుగుతున్నప్పుడు పోవచ్చు. అవి లేకపోతే ఎడమకు తిరిగేవాళ్లు కూడా ఎర్ర లైట్‌కు ఆగాల్సిందే. మన పట్టణాల్లో ఎవరూ ఆగరు కాబట్టి అలవాటు లేదు. హైదరాబాద్‌లో మనవాళ్లకు చలాన్లు పడేది ఎక్కువగా ఇక్కడే అని నాకు అనిపిస్తుంది.

గీత దాటి ఆగిపోయాను, చౌరస్తా దాటలేదు. అది కూడా సిగ్నల్ జంపేనా?

కాదు. అది స్టాప్ లైన్ దాటడం, వేరే ఉల్లంఘన, జరిమానా కూడా తక్కువ. చలాన్‌లో సిగ్నల్ జంప్ అని రాసి, ఫొటోలో బండి జీబ్రా గీతల మీద ఆగి ఉంటే, ఉల్లంఘన పేరు మార్చమని అడగవచ్చు. తప్పే చేయలేదని రాయకండి. ఏది చేశారో అదే వేయమని రాయండి.

ఎంత కట్టాలి?

2019 సవరణ తర్వాత ఎర్ర లైట్ దాటడాన్ని 184వ సెక్షన్‌లో, అంటే ప్రమాదకరంగా నడపడంలో చేర్చారు. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్ల లోపు మళ్లీ చేస్తే 10,000 జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కోర్టుకు పోకుండా డబ్బుతో ముగించుకునే వీలు 200వ సెక్షన్ ఇస్తుంది, ఆ మొత్తాన్ని రాష్ట్రం నిర్ణయిస్తుంది. మన దగ్గర సిగ్నల్ జంప్‌కు మామూలుగా కనిపించేది 1,000, దాని మీద యూజర్ ఛార్జీ 35. మీ చలాన్‌లో ఉన్న మొత్తమే మీకు లెక్క.

నల్లగొండ బండికి హైదరాబాద్‌లో చలాన్ పడింది. అక్కడిదాకా పోవాలా?

కట్టడానికి పోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో గానీ, మీ ఊరి మీసేవలో గానీ కట్టవచ్చు. రసీదు తప్పకుండా తీసుకోండి.

అభ్యంతరం చెప్పాలంటే మాత్రం, చలాన్‌లో ఏ స్టేషన్ పరిధి అని ఉందో వాళ్లకే చెప్పుకోవాలి. నల్లగొండ ట్రాఫిక్ స్టేషన్‌కు పోయి హైదరాబాద్ చలాన్ తీసేయమంటే వాళ్ల చేతిలో లేదు. హయత్‌నగర్, ఎల్బీనగర్ దారిన పోయే మనకు, శంషాబాద్, ఆరాంఘర్ దారిన పోయే పాలమూరువాళ్లకు ఈ సమస్య ఎక్కువ. ముందు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి, దాని కాపీ దగ్గర ఉంచుకొని, ఏదైనా పని మీద హైదరాబాద్ పోయినప్పుడు ఆ స్టేషన్‌లో కలవండి. బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి పోగొట్టుకొని ఒక్క చలాన్ కోసమే పోవడం ఎవరికీ గిట్టదు.

నోటీసు ఎన్ని రోజుల్లో రావాలి? నాకు నెలల తర్వాత తెలిసింది.

2021 నియమం ప్రకారం తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. అయితే చాలామందికి మెసేజ్ అందకపోవడానికి కారణం వేరే. బండి కొన్నప్పుడు షోరూంలో ఇచ్చిన ఫోన్ నంబర్ ఇప్పుడు వాడరు. కొందరి బండ్లకైతే అమ్మిన ఏజెంటు నంబరే ఉంటుంది. మెసేజ్ ఆ నంబర్‌కు పోతుంది, మనకు తెలియదు. రవాణా శాఖ రికార్డులో ఫోన్ నంబర్, అడ్రస్ మార్పించుకోండి. చలాన్ మీద కట్టడానికి, అభ్యంతరానికి గడువు రాసి ఉంటే ముందు ఆ తేదీని క్యాలెండర్ మీద గీసుకోండి.

బండి నా పేరు మీదే ఉంది, నడిపింది మా బామ్మర్ది. నేనే కట్టాలా?

కెమెరాకు కనిపించేది నంబర్, నంబర్ మీ పేరు మీద ఉంది. అందుకే నోటీసు మీకే వస్తుంది. ఆ సమయానికి బండి ఎవరు నడిపారో అడిగితే పేరు, అడ్రస్ చెప్పే బాధ్యత 133వ సెక్షన్ కింద యజమానికి ఉంది. మన ఇళ్లలో మాత్రం మామూలుగా నడిపినవాళ్ల దగ్గర డబ్బు తీసుకొని యజమాని కట్టేస్తాడు. ఒక్క చలాన్ అయితే అదే సులువు. బండి అద్దెకు ఇచ్చినా, డ్రైవర్ మీద నడుస్తున్నా, ఏ రోజు ఎవరి చేతిలో ఉందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

నడిపింది పద్దెనిమిది నిండని పిల్లవాడైతే విషయం చాలా పెద్దది. 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇంటర్ పిల్లలకు బండి తాళం ఇచ్చేముందు దయచేసి ఇది ఒకసారి చదవండి.

బండి రెండేళ్ల కింద అమ్మేశాను. ఇంకా నాకే చలాన్లు వస్తున్నాయి.

పేరు మారలేదు, అంతే. సంతలో అమ్మినట్టు డబ్బు తీసుకొని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేస్తాం. కొన్నవాడు ఆర్టీఏ ఆఫీసు ముఖం చూడడు. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఫారం 29, ఫారం 30 దీనికోసమే. పేరు మారేదాకా రికార్డులో ఉన్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పింది. అది ప్రమాదం జరిగి పరిహారం కట్టాల్సి వచ్చిన కేసు. కాబట్టి వెయ్యి రూపాయల చలాన్ కన్నా ఎన్నో రెట్లు పెద్ద బరువు మీ పేరు మీద తిరుగుతోందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు చేయాల్సింది: అమ్మిన కాగితం, కొన్నవాడి ఆధార్ కాపీ, డబ్బు వచ్చిన బ్యాంకు ఎంట్రీ, వీటిలో ఏది ఉన్నా వెతికి తీయండి. కొన్నవాణ్ని పట్టుకొని పేరు మార్పించండి. దొరకకపోతే ఆర్టీఏ ఆఫీసులో, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

బండి మా నాన్న పేరు మీద ఉంది. ఆయన పోయి ఏడాదైంది. చలాన్ ఆయన పేరు మీద వచ్చింది.

ఇట్లా అడిగినవాళ్లలో ఒకామె ఫోన్‌లో తండ్రి పేరు చూసి చాలాసేపు మాట్లాడలేకపోయింది. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల దాకా వారసులు ఆ బండి వాడుకోవచ్చు. ఈలోపు పేరు మార్చుకోవడానికి ఫారం 31 పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కావాలి. ఆలస్యమైనా ఫర్వాలేదు, ఇప్పుడు పెట్టండి. చలాన్ మీ ఇంట్లోవాళ్లు నడిపినప్పటిదే అయితే కట్టేసి, ఆ రసీదుతో పేరు మార్పుకు పోండి.

ఆ నంబర్ నాదే, ప్లేట్ స్పష్టంగా ఉంది. కానీ ఆ బండి నాది కాదు!

అంటే ఎవరో మీ నంబర్ వాడుతున్నారు. దీన్ని చలాన్ తగాదాగా చూడకండి. ఆ బండితో వాళ్లు ఏ నేరం చేసినా ముందు పోలీసులు వచ్చేది మీ ఇంటికే. ఆ రోజే మీ ఊరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కనిపించేలా మీ బండి ఫొటోలు, హై సెక్యూరిటీ ప్లేట్ ఫొటో జత చేయండి. ఆ ఫిర్యాదు కాపీ పెట్టి చలాన్ మీద అభ్యంతరం చెప్పండి.

వెనక అంబులెన్స్ సైరన్ వేస్తే ముందుకు జరిగాను. దానికీ చలానేనా?

అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 194ఈ సెక్షన్ కింద 10,000 జరిమానా ఉంది. కాబట్టి దారి ఇవ్వడం మీ బాధ్యత. ఫొటోలో అంబులెన్స్ కనిపిస్తే దాన్ని గుర్తు పెట్టి రాయండి. కనిపించకపోతే ఆ నిమిషం వీడియో చూడమని అడగండి. మీ బండిలోనే ప్రాణాపాయంలో ఉన్న మనిషిని తీసుకుపోతుంటే ఆసుపత్రి ఓపీ చీటీ మీద టైమ్ ఉంటుంది, అది జత చేయండి. ఇట్లాంటివి విని చలాన్ తీసేసే అధికారులు ఉన్నారు.

చౌరస్తాలో పోలీసు నిలబడి చెయ్యి ఊపి పొమ్మంటే, లైట్ ఎర్రగా ఉన్నా ఆయన చెప్పినట్టే పోవాలి. పోలీసు సైగ లైట్ కన్నా పైది. ఆ మాట కూడా అట్లానే రాయండి.

అభ్యంతరం ఎట్లా రాయాలి?

చిన్నగా రాయండి. కోపం, రాజకీయం, “మా బాధలు మీకేం తెలుసు” అన్న మాటలు వద్దు. చదివే అధికారికి రెండు నిమిషాల్లో విషయం తెలియాలి. మా దగ్గర రాసేది ఇట్లా ఉంటుంది:

“అయ్యా, ఫలానా నంబర్ చలాన్ నా బండికి ఫలానా తేదీన వేశారు. ఫొటోలోని బండి నాది కాదు. నా బండికి వెనక ఇనుప కొక్కేలు ఉన్నాయి, ఫొటోలో లేవు. ప్లేట్ చివరి అంకె బురదతో మూసుకుపోయి ఉంది. ఆ సమయంలో నేను మిర్యాలగూడలో ఉన్నట్టు కాంటా చిట్టీ జత చేశాను. పరిశీలించి చలాన్ రద్దు చేయగలరు.”

అంతే. కింద ఫోన్ నంబర్, సంతకం, జత చేసిన కాగితాల పేర్లు. తీసేసినట్టు మెసేజ్ వచ్చినా వారం తర్వాత సైట్‌లో మళ్లీ చూడండి. అభ్యంతరం ఉన్న చలాన్‌కు డబ్బు కట్టకండి. కడితే తప్పు ఒప్పుకొని ముగించుకున్నట్టే లెక్క.

డిస్కౌంట్ ఇస్తారు కదా, అప్పటిదాకా ఆగవచ్చా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. 2022 మార్చిలో బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్లీ ఇచ్చారు, అప్పుడు బైకులు, ఆటోలకు 80 శాతం, కార్లు, లారీలకు 60 శాతం. మా దుకాణం ముందు ఆ రోజుల్లో లైన్ కట్టారు. కానీ మళ్లీ ఇస్తామని ఎవరూ రాసి ఇవ్వలేదు. ఆ ఆశతో ఆగినవాళ్ల బండ్ల మీద చలాన్లు పేరుకుపోవడం నేను చూస్తున్నాను. తప్పు మీదే అయి, చేతిలో డబ్బు ఉంటే ఇప్పుడే కట్టేయండి. చేతిలో లేకపోతే లోక్ అదాలత్ గురించి అడగండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో తర్వాతి తేదీ చెబుతారు. రాజీకి వీలున్న ట్రాఫిక్ కేసులు అక్కడ ముగించుకోవచ్చు. ఖర్చు ఉండదు, తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు.

అసలు కట్టకపోతే ఏమవుతుంది?

తనిఖీలో ఆపి ట్యాబ్‌లో నంబర్ కొట్టగానే పాతవన్నీ బయటపడతాయి. బండి అమ్మాలన్నా కొనేవాడు ముందు చలాన్లే చూస్తాడు. కేసు కోర్టుకు పోతే సమన్లు రావచ్చు. ఎర్ర లైట్ దాటడానికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లో ఇచ్చిన ఆదేశాల్లో, ఎర్ర లైట్ దాటినవాళ్ల లైసెన్స్ కనీసం మూడు నెలలు ఆపాలని ఉంది. ఆటో, లారీ, క్యాబ్ నడిపి బతికేవాళ్లకు మూడు నెలలు లైసెన్స్ లేకపోవడం అంటే మూడు నెలల తిండి పోయినట్టే.

డబ్బు కట్టాను, ఇంకా పెండింగ్ చూపిస్తోంది.

ఒకటి రెండు రోజులు ఆగండి. అప్పటికీ పోకపోతే లావాదేవీ నంబర్, బ్యాంకు ఎంట్రీ పెట్టి ఫిర్యాదు చేయండి. రెండోసారి కట్టకండి.

కోర్టుకు రమ్మని సమన్లు వచ్చాయి. ఆ రోజు ఏం తీసుకుపోవాలి?

సమన్లు, ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, ఆధార్ ఒరిజినళ్లు, వాటి జిరాక్సులు. ఫొటోల ప్రింట్లు రంగుల్లో తీసుకోండి, నలుపు తెలుపులో ఎర్ర లైట్ కనిపించదు. మీరు పెట్టిన అభ్యంతరం కాపీ, దానికి జవాబు వస్తే అది కూడా. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే అదే న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా ఇస్తారు. తప్పు ఒప్పుకోవాలనుకుంటే మేజిస్ట్రేట్ ముందు నేరుగా చెప్పవచ్చు. ఒప్పుకోకపోతే, ఫొటో రికార్డుకు సర్టిఫికెట్ ఉందా అని అడగండి. కోర్టు పొద్దున పదిన్నరకు మొదలవుతుంది. దేవరకొండ, నకిరేకల్ వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు బస్సు పట్టుకోండి. పేరు పిలిచినప్పుడు అక్కడ లేకపోతే వారెంటు దాకా పోవచ్చు.